అయస్కాంతం గేటు గడియ

సోమవారం పొద్దున పది గంటలకు పీడీ సార్ బరువుల గది గుమ్మంలో నిలబడి, నేల మీదున్న ఇనుప బార్‌ని బూటుకాలితో చిన్నగా తోశాడు. నడుం వంగిపోయిన ఆ బార్ అటూ ఇటూ ఊయలలా ఊగింది.

“ఇది ఎత్తడానికా, పిల్లల్ని పడుకోబెట్టి ఊపడానికా?” అన్నాడు.

ఎదురుగా ముగ్గురు నిలబడి ఉన్నారు. కాలేజీ వెయిట్‌లిఫ్టింగ్ బృందమంటే ఆ ముగ్గురే. ఒకరు కెప్టెన్. ఫైనలియర్ అమ్మాయి. యాభై అయిదు కిలోల మనిషి, ఎనభై కిలోలు తల మీదకి ఎత్తుతుంది. రెండోవాడు పర్వతం. నూట నాలుగు కిలోలు ఉంటాడు, ఎవరైనా గట్టిగా తిడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మూడోవాడు సున్నా. ఇప్పటికి నాలుగు పోటీలకి వెళ్ళి, నాలుగింట్లోనూ బరువు కింద పడేసి, బోర్డు మీద సున్నాతో తిరిగొచ్చాడు. వాడి నోరు మాత్రం ఎప్పుడూ కింద పడలేదు.

“మేం వంచలేదు సార్. సెలవుల్లో ఎవరో జనరేటర్ జరపడానికి దీన్ని గునపంలా వాడారు” అంది కెప్టెన్.

“ఎవరు వంచితేనేం? శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు గదులన్నీ చూడ్డానికొస్తారు. బార్ లేని బరువుల గది ఎందుకయ్యా అంటారు. నా దగ్గర జవాబు లేదు. జిరాక్స్ మిషన్ ఉంది. వరండాలో వానకి తడుస్తోంది. దాన్ని ఇక్కడ పెట్టించేస్తారు.”

“కొత్త బార్ కొంటే?”

“కొను తల్లీ. కాలేజీ దగ్గర డబ్బుల్లేవు. ఈ వంకరది మాత్రం మీకే ఇచ్చేస్తున్నా. తీసుకుపోయి పాత సామాన్ల కొట్లో వేసుకోండి.”

ఆయన వెటకారంగానే అన్నాడు. కెప్టెన్ మాత్రం ఆ మాటని పట్టుకుంది.

మూతపడుతున్న ఒక జిమ్‌వాడు తన పాత బార్‌ని పద్దెనిమిది వేలకి ఇస్తానన్నాడు. చేతిలో అయిదు రోజులున్నాయి. కాలేజీ చుట్టూ ప్రతి ఇంట్లోనూ మెట్ల కింద, డాబాల మీద, మంచాల కింద పడున్న పాత ఇనుము ఉంది. ఎత్తడానికి ముగ్గురు మనుషులున్నారు. ఎత్తడం తప్ప వేరే ఏమీ రాని మనుషులు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది.

మంగళ, బుధవారాలు వాళ్ళు నాలుగు వీధులు ఊడ్చేశారు. “అమ్మా, కాలేజీ విద్యార్థులం. మీ ఇంట్లో పనికిరాని సామానుంటే ఇవ్వండి, మా బృందానికి సాయం” అని సున్నా బెల్లు కొట్టి ఉపన్యాసం ఇచ్చేవాడు. జనం సంతోషంగా ఇచ్చారు. కిటికీ ఊచలు, విరిగిన పొయ్యి, తుప్పుపట్టిన నీళ్ళ గొట్టాలు, కాలిపోయిన మోటార్లలోంచి ఊడదీసిన వైరు చుట్టలు, సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు, కారే కుళాయిలు.

పర్వతం ప్రతి వస్తువునీ ఒకసారి చేత్తో ఎత్తి చూసేవాడు. బరువుంటే బస్తాలోకి. తేలిగ్గా ఉంటే పక్కకి.

“ఈ గిన్నెలేంటి, ఊదితే ఎగిరేలా ఉన్నాయి. వదిలెయ్” అనేవాడు. “ఈ వైరు చుట్టలన్నీ కలిపినా ఆరు కిలోలు లేవు. ఆ పొయ్యి చూడు, ఒక్కటే పద్దెనిమిది!”

బరువెత్తేవాళ్ళకి బరువే బంగారం. బరువు తక్కువైతే విలువ కూడా తక్కువేనని ముగ్గురూ నిశ్చింతగా నమ్మారు.

ఆ వీధుల్లో రోజూ తోపుడుబండితో పాత సామాన్లు ఏరుకునే ఒకావిడ ఉంది. ఆవిడ ఎవరికి అత్తో ఎవరికీ తెలీదుగానీ నాలుగు వీధులకీ అత్తే. మంగళవారం సాయంత్రం ఆవిడ బండి ఖాళీగా కనిపించేసరికి కెప్టెన్ మనసు చివుక్కుమంది.

“అత్తా, మీ నోటికాడ కూడు మేం లాక్కున్నట్టున్నాం. ఈ తేలికపాటి సామానంతా మీరు తీసుకోండి.”

అత్త ఆ కుప్ప వంక చూసింది. తర్వాత ముగ్గురి మొహాలూ చూసింది. ఎగతాళి చేస్తున్నారేమోనని ఇంకోసారి చూసింది.

“నిజంగానేనా కోడలా?”

“నిజంగానే. మాకెందుకు అవి.”

“చల్లగా ఉండండి నాయనా” అని అత్త, వాళ్ళ మనసు మారేలోపు బండి నింపుకుని, ఆ వయసులో ఎవరూ తోయనంత వేగంగా తోసుకుపోయింది.

గురువారం పొద్దున ముగ్గురూ అత్త బండే అడిగి తీసుకుని, ఇనుమంతా దానికెక్కించి, వంకర బార్‌ని పైన పెట్టి కట్టి, పాత సామాన్ల కొట్టుకి బయల్దేరారు. అత్త కూడా ఓ గోనెసంచి చంకలో పెట్టుకుని వెంట నడిచింది.

కొట్టు యజమానిని అందరూ అయస్కాంతం అంటారు. మెడలో నల్లతాడుకి వేలాడే అయస్కాంతం ముక్క ఒక కారణం. ఏ లోహం తెచ్చినా దానికి ఆనించి చూస్తాడు. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే ఖరీదైంది. రెండో కారణం, ఆయన చేతికి ఏది తగిలినా అంటుకుపోతుంది. మళ్ళీ ఊడి రాదు.

రేకుల షెడ్డు, ముందు వాకిలి, వాకిలికి ఆకుపచ్చ రంగు ఇనుప గేటు. ఒక మూల అట్టలు, ఒక మూల సీసాలు, మధ్యలో ఇనుప గుట్ట. గుట్టకి ఎదురుగా ఎర్ర అంకెలు వెలిగే కాటా. ఆ కాటా ఆ పేటలో ప్రసిద్ధి. ఖాళీ సీసాలు అమ్మడానికొచ్చే ఒక లావుపాటి ఆవిడైతే, సీసాలు తూయించాక తనూ ఎక్కి బరువు చూసుకుని గానీ వెళ్ళదు.

“యాభై ఎనిమిది! చూశారా? మా డాక్టరు దగ్గర కాటా దండగ” అంటూ ఆవిడ దిగుతోంది, వీళ్ళు వెళ్ళేసరికి. ఆవిడ వెనక పాత పుస్తకాల కట్టతో ఒక రిటైరైన లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు.

బస్తాలు ఒక్కొక్కటే కాటా ఎక్కాయి. పర్వతం చేతి లెక్క ప్రకారం బార్ కాక మొత్తం నూట ముప్ఫై కిలోలు. కాటా నూట నాలుగు అంది.

“రెండు రోజుల్నించీ మోస్తున్నాం కదా. చేతులు అలిసిపోయి ఎక్కువ చెప్పుంటాయి” అన్నాడు పర్వతం దిగులుగా.

అప్పుడు అయస్కాంతం బావమరిది వంకర బార్‌ని లాగి కాటా మీద పడేశాడు. ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి.

పదహారు.

కెప్టెన్ చూపు ఆ అంకె మీదే ఆగిపోయింది. చేతులు అలసిపోతే అలసిపోవచ్చు. కానీ ఈ రకం పోటీ బార్ బరువు ఎక్కడైనా సరే ఇరవై కిలోలే. దాని కొసలకి ఎక్కించే ఇనుప పళ్ళేల లెక్కంతా ఆ ఇరవై నుంచే మొదలవుతుంది. వంగినంత మాత్రాన ఇనుము సన్నబడదు.

కిలోకి రెండు వందల గ్రాములు మింగుతోంది కాటా. నూటికి ఇరవై. ఈ వాకిట్లో అడుగుపెట్టిన ప్రతి మనిషి దగ్గరా, ప్రతి రోజూ.

రక్తం తలకెక్కింది. కేక పెట్టడానికి ఊపిరి పీల్చుకుంటూ, పక్కనే గోడకి ఆనించి ఉన్న గేటు గడియని, రాత్రిళ్ళు గేటుకి అడ్డం వేసే పొడుగాటి రాడ్డుని, పట్టుకుంది. పట్టుకోవడం ఊతం కోసమే.

గడియ కొస ఆమె అరచేతిలో గిర్రున తిరిగింది.

కెప్టెన్ పీల్చిన ఊపిరి లోపలే ఉండిపోయింది.

గునపం కొస తిరగదు. నీళ్ళ గొట్టం కొస తిరగదు. రాడ్డు మధ్యభాగం కదలకుండా, చివరి జానెడున్నర మాత్రం లోపల బేరింగుల మీద అంత మెత్తగా తిరిగే ఇనుము భూమ్మీద ఒక్కటే ఉంది. వేలితో నెమ్మదిగా తడిమింది. దళసరి ఆకుపచ్చ రంగు కింద, పట్టు కోసం చెక్కిన సన్నటి గరుకు గీతలు వేళ్ళకి తగిలాయి. కంటితో ఓసారి పొడవునా చూసింది. నిటారుగా ఉంది. గీత గీసినట్టు.

“ఏంటమ్మాయ్, ఏదో అనబోయావు?” అన్నాడు అయస్కాంతం.

“ఏం లేదు అన్నా. దాహంగా ఉంది.”

“కెప్టెన్, పదహారేంటి? బార్ కదా, అది...” అని సున్నా మొదలుపెట్టాడు. కెప్టెన్ వాడి కాలి వేళ్ళ మీద మడమ పెట్టి తన యాభై అయిదు కిలోలూ దాని మీద మోపింది. వాడు చెప్పదల్చుకున్నది “అబ్బా”గా ముగిసింది.

కిలో ముప్ఫై చొప్పున మూడువేల ఆరువందలు చేతిలో పడ్డాయి. అత్త గోనెసంచి విప్పింది. రాగి వైరు, కుళాయిల ఇత్తడి, గిన్నెలు. అయస్కాంతం వాటి పక్కన తన తాడు ఊపి చూసి, నోట్లు లెక్కపెట్టి, ఆవిడ చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక మలుపులో టీ బండి దగ్గర అత్త తనంతట తనే నాలుగు టీలు చెప్పింది.

“నాకెంతొచ్చిందో తెలుసా? నాలుగువేల ఆరువందలు.”

పర్వతం టీ గ్లాసు అలాగే గాల్లో ఉండిపోయింది. “మేం వదిలేసిన ఆ కాస్త సామానుకా?”

“పిచ్చి నాయనా, ఇనుము కిలో ముప్ఫై. రాగి ఆరొందలు. రెండు రోజులు నోరు మూసుకుని తీసుకున్నాను, తప్పే. మీ ఉప్పు తిన్నాను. ఇప్పుడు చెప్పండి, సగం ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను.”

“డబ్బులొద్దు అత్తా” అంది కెప్టెన్. “ఒక నాటకం ఆడాలి.”

విషయం విన్నాక అత్త చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

“నూటికి ఇరవయ్యా? పదకొండేళ్ళుగా వాడి కాటాకే వేస్తున్నానే! కాటా కొంచెం ఒరిగిందని తెలుసుగానీ ఇంత బోర్లా పడుకుందని తెలీదు. ముందు వెళ్ళి వాడి జుట్టు...”

“జుట్టు పట్టుకుంటే గడియ దొరకదు. శనివారం దాకా ఓపిక పట్టండి. ఆ గడియని నేను అడిగితే ఎంతంటాడు?”

“అడగడం దాకా ఎందుకు? వాడి కొట్లో ఏ వస్తువునైనా రెండోసారి చూశావంటే ధర రెండింతలు. చేత్తో పట్టుకున్నావంటే నాలుగింతలు. మనం దాని వంక చూడకూడదు. వాడే మన నెత్తిన రుద్దాలి.”

శుక్రవారం పథకం తయారైంది. గేటు వెడల్పు కావాలి. సున్నా కొట్టు ముందుకెళ్ళి, సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, చేతులు బారలా చాపి “ఇంత పెద్ద చేప అనుకో!” అని గేటు కొలిచి వచ్చాడు. బారెడు మీద మూరెడు. ఒక డాబా మీద పాత టీవీ యాంటెన్నా గొట్టం ఉంది. అల్యూమినియం, లోపల బోలు. పర్వతం దాన్ని సరిగ్గా సరిపోయేలా కోసి, రెండు కొసలూ నునుపు చేశాడు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నర. ప్రిన్సిపాల్ రావడానికి ఇంకా నాలుగున్నర గంటలుంది.

అయస్కాంతం వాకిట్లో జనం ఉన్నారు. లావుపాటి ఆవిడ సీసాలతో, మాస్టారు రెండో విడత పుస్తకాలతో, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. కెప్టెన్ రాగానే మొదట చేసిన పని, ఇనుప గుట్ట పక్కన పడున్న తమ వంకర బార్ మీద రెండు పెద్ద అట్టలు పరవడం. రెండు బార్లూ పక్కపక్కన కనిపిస్తే గుడ్డివాడికైనా అర్థమైపోతుంది.

పర్వతం యాంటెన్నా గొట్టాన్ని బావమరిది చేతికిచ్చాడు. “అన్నా, దీన్నీ తూచండి. ఎంత తేలికో చూడండి, చిటికెన వేలితో ఎత్తొచ్చు.”

బావమరిది ఎత్తాడు. అతని కళ్ళు గేటు వైపు తిరిగాయి. పొద్దున తియ్యడం, సాయంత్రం వెయ్యడం, ఏడాదిగా ఆ రాడ్డు అతని నడుం విరగ్గొడుతోంది.

“బావా! ఈ గొట్టం గేటుకి సరిగ్గా సరిపోతుంది.”

“నోర్ముయ్. గడియ బరువుగా ఉండాలి.”

“దొంగ వచ్చేది గడియ బరువు చూసా, తాళం చూసా? రోజుకి రెండుసార్లు దాన్ని ఎత్తేది నేను. నువ్వు పక్కన నిలబడి ‘జాగ్రత్త, జాగ్రత్త’ అంటావు. రేపు నా నడుం పడిపోతే మీ చెల్లెలు నిన్నే అడుగుతుంది.”

చెల్లెలి మాట రాగానే అయస్కాంతం కొంచెం తగ్గాడు. గొట్టం గేటు కొక్కేలలో పెట్టి చూశారు. కొలిచి చేయించినట్టు కూర్చుంది. అంత చక్కగా ఎలా కుదిరిందని ఎవరూ అనుమానించలేదు.

సరిగ్గా అప్పుడే అత్త ఏడుస్తూ ప్రవేశించింది.

“అల్లుడూ! నా బండి ఇరుసు విరిగిపోయింది. ఏదైనా రాడ్డు ముక్క ఉంటే పడెయ్యి నాయనా.”

ఇరుసు నిజంగానే విరిగింది. పొద్దున పర్వతం దాని మీద కూర్చున్నాడు.

అయస్కాంతం గుట్టలోంచి ఒక రాడ్డు చూపించాడు. అత్త అది సన్నమంది. ఇంకోటి చూపిస్తే తుప్పంది. మూడోదాన్ని చేత్తో వంచబోయి, “ఇది ఇనుమా, చెరుకుగడా?” అంది. గేటు గడియ ఆవిడకి రెండడుగుల దూరంలో గోడకి ఆని ఉంది. ఆవిడ చూపు దాని మీద ఒక్కసారైనా పడలేదు. కెప్టెన్ వాకిట్లో కాకుల్ని లెక్కపెడుతోంది.

అయస్కాంతానికి ఆలోచన వచ్చింది. అది తనకే వచ్చిందనుకున్నాడు.

“అత్తా, ఇదిగో. ఇలాంటి రాడ్డు నీకెక్కడా దొరకదు. గట్టి సరుకు.”

“ఆ పాచి రంగుదా? ఆ రంగు నీళ్ళలో బర్రెలు కూడా స్నానం చెయ్యవు.”

“రంగు గీకితే పోతుంది. లోపల ఉక్కు.”

“మరీ బరువు. నా బండా, రోడ్డు రోలరా?”

“పొడవెక్కువైతే కోసిస్తా. ఒరేయ్ బావమరిదీ, గ్యాస్ కట్టర్ వెలిగించు. నీకు కావలసినంత కోస్తాడు, మిగతాది మేముంచుకుంటాం.”

బావమరిది వెంటనే నీలిమంట వెలిగించాడు. కొట్లో ఏ పనికైనా బద్ధకించే మనిషి మంట వెలిగించడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధం. బార్ రెండు చెక్కల మీద పడుకుంది. మంట జానెడు దూరంలోకి వచ్చింది. కెప్టెన్ లెక్కపెడుతున్న కాకులు ఎగిరిపోయాయి. పర్వతం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఆపరా!” అని అత్త అరిచింది. “కోత కూలీ నా దగ్గర లాగుదామనా? మా పేటలో వెల్డింగువాడు ఊరికే కోస్తాడు. మిగిలిన ముక్క వాళ్ళావిడకి రోకలి చేసిస్తాడు. తూచి మొత్తం ఇచ్చెయ్యి.”

“కూలీ వద్దులే అత్తా...”

“ఇస్తావా, ఇంకో కొట్టుకి పోనా?”

“సరే, సరే. కిలో నలభై అయిదు. కొనేది ముప్ఫై, అమ్మేది నలభై అయిదు. పైసా తగ్గదు.”

బావమరిది మంట ఆర్పి, బార్‌ని కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు తిరిగి ఆగాయి.

పదహారు.

ఆ వాకిట్లో పదకొండేళ్ళుగా జరగని విషయం ఒకటి జరిగింది. కాటా ఎక్కువ చూపిస్తే బాగుండునని అయస్కాంతం మొదటిసారి కోరుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ కాటా మీద కొనడమే గానీ అమ్మడం ఎరగడు, అమ్మే సరుకంతా లారీకెక్కి వేరే కాటాకి పోయేది. ఇనుముతో పెరిగిన చెయ్యి ఆయనది. రాడ్డు ఇరవై ఉంటుందని చూడగానే తెలుసు. నాలుగు కిలోలు కళ్ళముందే కరిగిపోతున్నాయి.

ఆయన కుడికాలు నెమ్మదిగా ముందుకొచ్చి కాటా అంచు మీద వాలింది. పదిహేడు... పద్దెనిమిదిన్నర...

“కాలు తియ్యి అల్లుడూ. నీ కాలు నేను కొనట్లేదు” అంది అత్త.

కాలు వెనక్కి పోయింది. పదహారు.

“ఏదో తేడాగా ఉంది...” అని అయస్కాంతం గొణిగాడు. “ఇంకా ఎక్కువే ఉండాలే.”

“అన్నా, కాటా తక్కువ చూపిస్తోందా?” కెప్టెన్ అమాయకంగా అడిగింది. గొంతు మాత్రం వాకిలి చివరిదాకా వినిపించేలా.

వరుసలో ఉన్నవాళ్ళందరూ తలెత్తారు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. లావుపాటి ఆవిడ సీసాల సంచి కింద పెట్టి ముందుకొచ్చింది.

“ఎవరన్నారు కాటా తప్పని? నెలరోజులుగా చూస్తున్నాను, గ్రాము తేడా రాలేదు. యాభై ఎనిమిదంటే యాభై ఎనిమిదే!”

“చెప్పు అన్నా, తప్పా, ఒప్పా?” అంది కెప్టెన్.

తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా కేకపెడతాడా? అయస్కాంతం కాటా అంచుని చేత్తో తట్టాడు. “మా కాటా తప్పేంటి. బంగారంలాంటి కాటా. పదహారే. ఏడొందల ఇరవై ఇచ్చి తీసుకుపో.”

అత్త కొంగుముడి విప్పింది. ఒక వంద, రెండు వందలు, మూడు...

“బావా!” అన్నాడు బావమరిది. మాస్టారి పుస్తకాల కోసం జాగా చేస్తూ అతను గుట్ట పక్కన అట్టలు ఎత్తాడు. “ఈ వంకరది చూడు. ఇదీ మన గడియా ఒకటే అచ్చు! దీని కొస కూడా తిరుగుతోంది!”

అత్త వేళ్ళు అయిదో నోటు మీద ఆగాయి.

అయస్కాంతం వంకర బార్‌ని చూశాడు. కాటా మీది బార్‌ని చూశాడు. దాని కొసని వేలితో తిప్పాడు. చివరికి కాలేజీ పేరున్న బనియన్లు వేసుకున్న ముగ్గురినీ చూశాడు. పెదాల మీదకి నెమ్మదిగా నవ్వొచ్చింది. జారిపోబోయిన ఇనుము మళ్ళీ అంటుకున్న నవ్వు.

“ఇరుసా?” అన్నాడు. “ఎంత ముచ్చటైన ఇరుసు! ఇది ఆటల సామాను. బజార్లో వేలుంటుంది. అత్తా, నోట్లు ముడేసుకో. అమ్మాయ్, పన్నెండు వేలు. తక్కువైతే గేటుకే ఉంటుంది.”

పర్వతం భోరుమన్నాడు. గడియారం పదకొండు చూపిస్తోంది.

కెప్టెన్ నెమ్మదిగా నడిచి కాటా దగ్గరికి వెళ్ళింది. బార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొస మొహం మీద బొటనవేలి గోటితో రంగు గీకింది. పెచ్చులు రాలాయి. ఆమె వెంటనే ఆ చోట బొటనవేలు పెట్టి మూసేసింది.

“అన్నా, ఇలా రండి. ఒక్క మాట.”

అయస్కాంతం వంగాడు. ఆమె గొంతు తగ్గించింది.

“ఇదీ ఆ వంకరదీ ఒకటే అచ్చని మీ బావమరిదే అన్నాడు. ఇలాంటి బార్లన్నీ ఒకే బరువు. ఎంతో దీని మీద చెక్కి ఉంది, నా వేలి కింద. వేలు తీసి అంకె పైకి చదవమంటారా? మాస్టారు లెక్కల మాస్టారు. పదహారుకీ దీనికీ తేడా ఎంతో, ఈ ఏడాది తను వేసిన పుస్తకాలెన్నో, మిమ్మల్నడక్కుండానే లెక్క కట్టేస్తారు.”

అయస్కాంతం వేలి వంక చూశాడు. వరుస వంక చూశాడు. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి ఊరికే తిప్పుతున్నాడు. అది ఆయన అలవాటు. కానీ అయస్కాంతం నుదుటి మీద చెమట పట్టింది.

“ఎంతకి కావాలి?” అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

“మీ కాటా చెప్పినంతకే. బంగారంలాంటి కాటా కదా.”

“తర్వాత చదవవుగా?”

“చదవను.”

“ఒట్టు?”

“ఒట్టు. నా నోటితో చదవను.”

ఏడొందల ఇరవై అత్త చేతిలోంచి ఆయన చేతిలోకి మారింది. కెప్టెన్ బొటనవేలు తియ్యకుండానే, పర్వతం బార్‌ని భుజాన వేసుకున్నాడు. గేటు దాటేదాకా ముగ్గురూ నడిచారు. దాటాక పరిగెత్తారు. వెనక నుంచి బావమరిది గొంతు వినిపించింది. “పోతే పోయింది బావా, గొట్టం మాత్రం భలే తేలిక!”

రెండు గంటలకు ప్రిన్సిపాల్, పీడీ సార్ బరువుల గదిలోకి వచ్చేసరికి, గదంతా రంగు కడిగే నూనె వాసన. బార్ వెండిలా మెరుస్తోంది. దాని రెండు కొసలకీ పళ్ళేలు ఎక్కించి ఉన్నాయి. కెప్టెన్ చేతులకి సుద్దపొడి రాసుకుని, వంగి, పట్టుకుని, ఒక్క ఊపులో తల మీదకి ఎత్తి నిలబడింది. పళ్ళేలు ఝణఝణమన్నాయి. ప్రిన్సిపాల్ తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశారు.

“బాగుందయ్యా. ఇంత బాగా నడుస్తున్న గదిలో జిరాక్స్ మిషన్ పెట్టాలని ఎవరు చెప్పారు?” అన్నారు.

పీడీ సార్ పైకప్పు చూశాడు. ప్రిన్సిపాల్ వెళ్ళిపోయాక గుసగుసగా అడిగాడు. “ఎంత పెట్టారే?”

“ఏడొందల ఇరవై సార్.”

“నాతో వేళాకోళమా? ఇలాంటిది ఏ కొట్లో దొరుకుతుంది ఆ ధరకి?”

“గేటుకి అడ్డంగా దొరికింది సార్. తూకానికి కొన్నాం” అన్నాడు సున్నా.

మిగిలిన డబ్బులోంచి మొదట అత్త ఏడొందల ఇరవై అత్తకిచ్చారు. తర్వాత బండికి నిజమైన ఇరుసు వేయించారు. పర్వతం దాని మీద కూర్చోబోతే అత్త చీపురు తీసింది.

“అంతా బాగానే ఉంది కోడలా. కానీ రేపట్నించి కూడా నేను ఆ కాటాకే వెయ్యాలి కదా. నువ్వేమో చదవనని ఒట్టేశావు.”

“నా నోటితో చదవనన్నాను అత్తా. మీ బండిలో సోమవారం కాస్త జాగా ఉంటుందా?”

సోమవారం పొద్దున అత్త బండి అయస్కాంతం వాకిట్లో ఆగింది. ముందు పర్వతం బార్‌ని ఎత్తి కాటా మీద పెట్టాడు. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బార్ కొస మీద, మెరుగుపెట్టిన చోట, అంకె ఎండకి తళతళలాడుతోంది. ఇరవై. దాని ఎదురుగా ఎర్రగా వెలుగుతోంది. పదహారు.

వరుసలో ముందున్న మాస్టారు ఒక అంకె చూశాడు. ఇంకో అంకె చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ రెండూ చూశాడు. తర్వాత పెన్ను మూత తీశాడు.

“అల్లుడూ” అంది అత్త ఎంతో ప్రేమగా, “కాటాకి కొంచెం ఒంట్లో బాగోలేనట్టుంది. మాస్టారు లెక్క తేల్చేలోపు చూసుకో.”

అయస్కాంతం ఎవరి మొహమూ చూడకుండా కాటా దగ్గర కూర్చుని, కింద చెయ్యిపెట్టి ఏదో తిప్పాడు. ఎర్ర అంకెలు ఒక్కొక్కటే ఎక్కాయి. పదిహేడు. పద్దెనిమిది. ఇరవై దగ్గర ఆగాయి. వరుస మొత్తం ఒకేసారి ఊపిరి వదిలింది.

పర్వతం బార్ దింపాడు. లావుపాటి ఆవిడ సీసాల సంచి పక్కన పెట్టి, చెప్పులు విప్పి, అలవాటు ప్రకారం కాటా ఎక్కింది. అంకె చూసింది. దిగి, మళ్ళీ ఎక్కి చూసింది.

“చూశారా? బంగారంలాంటి కాటాని పాడుచేసేశారు!” అంది.